జనార్దనరావుగారి మోకాళ్లు

జనార్దనరావుగారు రామచంద్రపురంలో ప్రభుత్వ ఆయుర్వేద వైద్యుడిగా పనిచేసి రిటైరయ్యారు. భార్య శాంత పోయాక విదేశంలో, నేవన్ అనే ఊళ్లో ఉన్న కొడుకు గిరీష్ దగ్గరికి వచ్చేశారు. గుండె లయ తప్పుతోందని ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు రక్తం పల్చబడే మాత్రలు రాశాడు. మోకాళ్ల నొప్పికి మాత్రం ఊరి నుంచి తెచ్చుకున్న గుగ్గులు మాత్రలే వేసుకునేవారు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు పొద్దున ముక్కులోంచి రక్తం కారడం మొదలై ఎంతకీ ఆగలేదు. కోడలు చరిత కంగారుగా హాస్పిటల్‌కి తీసుకెళ్లింది. రక్తం ఆపి, వార్డులో ఉంచారు.

మధ్యాహ్నం డాక్టర్ ఫినెగన్ వచ్చింది. వెంట అమలాపురం నుంచి వచ్చిన నర్సు పుష్పవతి.

"మేమిచ్చిన మాత్రలు కాక ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగింది డాక్టరు.

"ఏమీ లేదు."

పుష్పవతి గొంతు తగ్గించి తెలుగులో అంది. "అంకుల్, నాటుమందులేమన్నా వేసుకుంటున్నారేంటండీ?"

"నాటుమందు కాదమ్మా, శాస్త్రం!" అనేశారు చివాలున. అనేశాక తల దించుకున్నారు.

ఆయన భయం పాతది. రోగిని పెద్దాసుపత్రికి పంపినప్పుడల్లా, తానిచ్చిన మందులేమిటో అక్కడ చెప్పమనేవారు. "ఆ ఆకులూ అలములూ మాకెందుకు?" అని అక్కడి డాక్టర్లు నవ్వారండీ అంటూ రోగులు తిరిగొచ్చేవారు.

ఆయన ఆయుర్వేద మాత్రలు వాడుతున్నారని పుష్పవతి డాక్టరుకి ఇంగ్లీషులో చెప్పింది. డాక్టర్ ఫినెగన్ నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ మాత్రలో ఏమేం కలుస్తాయో, ఎన్నాళ్లుగా వాడుతున్నారో అడిగింది. గుగ్గులుతో పాటు అందులో కలిసే త్రిఫల అంటే ఏమిటో చెప్పించుకుంది. ఫార్మసిస్టుతో ఫోన్‌లో మాట్లాడింది.

"రెండూ కలిసి రక్తాన్ని మరీ పల్చబరిచి ఉండొచ్చు. గుగ్గులు మానగలరా?"

"నా దగ్గరికి ఇలాంటి రోగి వచ్చినా నేనదే చెప్పేవాణ్ణి." ఆయన మోకాలు నిమురుకున్నారు. "మరి మోకాళ్లు?"

"ఇదివరకు పైపూతగా ఏమైనా వాడేవారా?"

ఆయనకు ఊళ్లో ఇల్లు గుర్తొచ్చింది. చలికాలం పొద్దుటే శాంత నువ్వులనూనెలో కర్పూరం కరిగించేది. వేలితో వేడి చూసి, "వైద్యులుగారికి నేను వైద్యం చెయ్యాల్సొచ్చింది" అంటూ మర్దన చేసేది. మూకుట్లో ఉప్పు వేయించి, గుడ్డలో మూటగట్టి కాపడం పెట్టేది. ఆమె పోయాకే ఈ మాత్రలు మొదలయ్యాయి.

అదంతా చెప్పేశారు. పుష్పవతి ఇంగ్లీషులోకి మార్చి చెబుతూ మధ్యలో కళ్లు తుడుచుకుంది.

"మా అమ్మమ్మ కాలు బెణికితే ఏదో ఆకు నూరి కట్టేది. ఆ వాసన ఇంకా గుర్తుంది నాకు" అంది డాక్టరు. "నూనె, కాపడం మానొద్దు. చర్మం కాలకుండా చూసుకోండి. ఫిజియోథెరపీ కూడా చేయిద్దాం. ఇకమీదట ఏ మందైనా ముందు మాకు చెప్పండి."

ఇంటికొచ్చాక చరిత చిన్న గిన్నెలో నూనె వెచ్చబెట్టి, ఆయన మోకాలికి రాయసాగింది.

"కర్పూరం సరిపోయిందా మావయ్యగారూ?"

"మీ అత్తయ్య ఇంకాస్త వేసేదమ్మా."

గిరీష్ లాప్‌టాప్ మూసి లేచి వచ్చాడు. నేల మీద కూర్చుని, రెండో మోకాలు అందుకున్నాడు.