తొట్టి నీళ్లు

1987 ఏప్రిల్‌లో, బొంబాయికి పోయిన సరుకు తిరిగొచ్చిన రోజు, ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్లను షెడ్డు గేటు ముందు వరసగా నిలబెట్టారు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే రోడ్డు పక్కన ఉంది ఆ షెడ్డు. అక్కడ ఉల్లిగడ్డ తరిగి, కళ్లంలో ఎండబెట్టి, సూపు పొడి పొట్లాలు చేసే కంపెనీకి పంపుతారు. ఈసారి అరవై సంచులు వెనక్కి వచ్చాయి. రోగం పుట్టించే క్రిములు ఉన్నాయని కంపెనీ రాసింది.

మేనేజరు చక్రపాణి అందరినీ చేతులు చాపమన్నాడు. గోళ్లు చూసుకుంటూ వచ్చి ఎస్తేరు దగ్గర ఆగాడు. నాలుగు రోజులుగా ఆమెకు జ్వరం, విరేచనాలు.

"ఈ చేతులతోనే సరుకంతా చెడింది. రేపట్నుంచి రావద్దు."

పక్కన నిలబడిన తల్లి సారమ్మ చాపిన చేతులు చాపినట్టే ఉంచింది. అడ్డం చెప్పలేదన్న బాధ ఆమెను వారమంతా వదల్లేదు.

ఆళ్లగడ్డ ఆసుపత్రిలో డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. ఏ నీళ్లు తాగుతారని అడిగాడు. సారమ్మ చెప్పింది. షెడ్డులో ఉన్నది ఒకటే సిమెంటు తొట్టి. అందులో కాలువ నీళ్లు పడతాయి. ఉల్లిగడ్డ కడిగేదీ, చేతులు కడిగేదీ, తాగేదీ ఆ నీళ్లే. మరుగుదొడ్డి లేదు. తొట్టి వెనక గోడచాటుకే అందరూ పోతారు.

"ఆ నీళ్లు తాగొద్దు" అన్నాడు డాక్టరు.

"మరి ఏవి తాగాల సార్?"

ఆయన చీటీ రాసిచ్చాడు.

సారమ్మ పోయి బోరు కొళాయి, మరుగుదొడ్డి కావాలని మేనేజరును అడిగింది. చక్రపాణి నవ్వాడు.

"సంచుల్ని మళ్లా బొంబాయికే పంపుతాండాం. ఆడ ఒక మిషన్ ఉండాది. కిరణాలు సంచిలోకి దూరి పురుగును చంపుతాయి. సంచి విప్పే పని గూడా లేదు. ఇంక కొళాయెందుకు?"

"సంచులు చేసుకున్న పుణ్యం" అంది వెనక నుంచి తోటి కూలీ ఓబులమ్మ.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు పందిట్లో కూర్చున్నారు. నంద్యాల మిల్లు కూలీల యూనియన్ నాయకుడు నతానియేలు తను రాసిన కరపత్రం చదివాడు. "ఇవి ఆటంబాంబు కిరణాలు. తిండిలో విషం కలుపుతాండారు."

"ఆ కిరణాలు సంచిలోనే ఉండిపోతాయా అప్పా?" అంది సారమ్మ.

నతానియేలు కరపత్రం కిందికి దించాడు. "లేదు. ఎక్స్‌రే మాదిరి దూరి పోతాయి. పురుగు సస్తాది. తిండికేం కాదు."

"మరి విషమని ఎందుకు రాసినావ్?"

"జనం కదలాల కదమ్మా."

"మేం కదిలేకి అబద్ధం కావాల్నా? రేపు ఆ మేనేజరు నీ మాట తప్పని చూపిస్తే, మా తొట్టి మాటా తప్పేనంటారు. కొట్టేయ్."

"పురుగును చంపితే మంచిదే" అంది ఓబులమ్మ. "మా కడుపులో పురుగును చంపే మిషన్ యాడుందో అది రాయి."

నతానియేలు ఆ వాక్యం కొట్టేశాడు. దాని కింద కొత్తది రాశాడు: సరుకు తినేవాళ్లకు రక్షణ దొరికింది, సరుకు చేసేవాళ్లకు దొరకలేదు.

మంగళవారం పొద్దున సంచులు లారీకెక్కాయి. ఆడవాళ్లు గేటుకు అడ్డం కూర్చున్నారు. తననూ తీసుకుపొమ్మని ఎస్తేరే అడిగింది. నలుగురు ఆమెను మంచంతో మోసుకొచ్చి లారీ ముందు దించారు.

"ఇదేందీ?" అన్నాడు చక్రపాణి.

"ఇది అరవై ఒకటో సంచి సారూ" అంది సారమ్మ. "దీన్ని గూడా ఎక్కించండి. పురుగు సచ్చినాక తెచ్చి దించండి."

చక్రపాణి డ్రైవరును లారీ పోనివ్వమన్నాడు. డ్రైవరు మంచం వైపు చూశాడు. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని దిగిపోయాడు.

పది గంటలకు పోలీసు వ్యాను వచ్చింది. సారమ్మను, నతానియేలును ఎక్కించుకుని పోయింది. ఇక షెడ్డు దగ్గరికి రానని సారమ్మ పేరున స్టేషన్‌లో కాగితం రాశారు. ఆ కాగితం రాసిన రైటరు సిరా పెట్టె తెరిచాడు. "వేలిముద్ర వెయ్యాల. చెయ్యి చాపు."

సారమ్మ చేతులు ఒడిలో పెట్టుకుంది.

"ఒకసారి చాపినాం సార్. మా చేతులతోనే సరుకు చెడిందన్నారు. మీ కాగితం పాడైతాది."

కిటికీ బయట ఓబులమ్మ గొంతు వినపడింది. "సారక్కా, ఎస్తేరును ఆసుపత్రిలో చేర్చినాం. లారీ ఆడనే ఉండాది. శిరివెళ్ల మిరప కళ్లాల కూలోళ్లొచ్చినారు. వాళ్ల తొట్టి నీళ్లు గూడా అందరికీ చూపేకి సీసాల్లో తెచ్చినారు."

రైటరు లేచి కిటికీ మూశాడు. తిరిగొచ్చి కూర్చునేసరికి ఆ చేతులు ఒడిలోనే ఉన్నాయి.