పచ్చంచు తువ్వాలు

వరదానం భుజం మీది తువ్వాలు తీసి, కరెంటు ఆపి కిందికి దించిన స్విచ్ హ్యాండిల్‌కి రెండు ముళ్ళు వేసి బిగించాడు. ముప్పయ్యొక్క ఏళ్ళ లైన్‌మన్ ఉద్యోగంలో స్తంభం ముట్టుకునే ముందు అతని చేతులు చేసే పని అదే. తెల్లటి తువ్వాలు, పచ్చంచు. భార్య సలోమి ఏటా క్రిస్మస్‌కి ఒకటి కొని, మూల మీద ఎర్రదారంతో చిన్న సిలువ కుట్టి ఇస్తుంది. హ్యాండిల్‌కి తువ్వాలుందంటే మనిషి లైను మీద ఉన్నట్టు. నిజానికి అక్కడ తాళం వేయాలి. తాళం కావాలని ఆఫీసుకి మూడుసార్లు కాగితం పెట్టాడు. కాగితాలు చెదపురుగులు తిన్నాయో మనుషులు తిన్నారో గానీ తాళం మాత్రం రాలేదు.

ఆ స్విచ్ కైకలూరు దాటాక చేపల చెరువు గట్టు మలుపులో ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ అక్కడికి మూడు స్తంభాల అవతల. మధ్యన సర్కారు తుమ్మ గుబురుగా కమ్మేసి అటు మనిషి ఇటు కనపడడు. కరెంటు పోయినప్పుడల్లా వచ్చి స్విచ్ తీసి వేసేది చెరువు కాపలా కొండయ్య. వేయకూడదు, నిజమే. కానీ మోటారు నీళ్ళు తిరగతోడకపోతే చేపలకి గాలి అందదు, లైన్‌మన్ వచ్చేదాకా అవి ఊపిరి బిగబట్టుకుని కూర్చోవు కదా. కొండయ్యకి చదువు రాదు గానీ తువ్వాలు చదవడం బాగా వచ్చు.

“మీ తువ్వాలు కనబడితే ఆ దేవుడొచ్చి అడిగినా స్విచ్ వెయ్యనండీ వరదానం గారూ,” అంటాడు.

ఈ పొద్దు పని ట్రాన్స్‌ఫార్మర్‌కి మీటరు పెట్టడం. పొలం మోటార్లకి విడిగా మీటర్లుండవు. అందుకని అక్కడక్కడా కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకి మీటరు బిగించి, నెలనెలా చూసి, పొలాలకి ఎంత కరెంటు పోతోందో కంపెనీ సర్కారుకి లెక్క చెప్పి సొమ్ము తీసుకుంటుంది. ఇక్కడి మీటరు మూడేళ్ళ కిందటే కాలిపోయింది. అయినా ఆఫీసు రిజిస్టరులో అది నెల తప్పకుండా తిరుగుతూనే ఉంది. వరదానం మాత్రం నెలనెలా వచ్చి, చొక్కా జేబులోని చిన్న పుస్తకంలో తేదీ వేసి “మీటరు కాలిపోయి ఉన్నది” అని రాసుకుంటాడు. రాయమని ఎవరూ అడగలేదు. బయటివాడెవడైనా ఒక్కడొచ్చి చూడకపోతాడా అని అతని ఆశ. రిటైరయ్యేలోగా అబద్ధం మీద ఒక్కసారైనా వెలుగు పడాలి. అతను కోరుకున్నదల్లా అంతే.

ఆ బయటివాడు ఇవాళే వస్తున్నాడు. హైదరాబాదు నుంచి ఆడిటరు. కంపెనీ మనిషి కాదు, అదీ సంగతి. అందుకే నిన్న సాయంత్రం పై అధికారి ఏఈ అబ్బాయిరాజు, మండవల్లి దగ్గర తిరుగుతున్న ఒకే ఒక్క మీటరు విప్పించి తెప్పించాడు. రాత్రి వరదానానికి నిద్ర పట్టలేదు. తన చేత్తోనే బిగించాలి, తన నోటితోనే నిజం చెప్పాలి.

మీటరు బిగించి, స్విచ్ వేసి, తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. పదకొండింటికి జీపు వచ్చింది. ఆకాశం ముసురు పట్టి ఉంది. ఆడిటరు కుర్రవాడు, మర్యాదస్తుడు. దిగుతూనే బూట్లు చీలమండల దాకా బురదలో దిగబడ్డాయి.

“ఇది వరి పొలాల ట్రాన్స్‌ఫార్మర్ అన్నారు. ఇక్కడన్నీ నీళ్ళేగా?” అన్నాడు చుట్టూ చూసి.

“మొన్నటి వానలండీ. ముంపు,” అన్నాడు అబ్బాయిరాజు. ఆ ముంపులోంచి ఒక చేప ఎగిరిపడింది. అందరూ చూశారు.

ఆడిటరు మీటరు చూశాడు. అట్టకి తగిలించిన కాగితంలో టిక్కు పెట్టాడు. మాటవరసకి అడిగాడు.

“ఎప్పటినుంచి ఉంది ఈ మీటరు?”

వరదానం చొక్కా జేబులో చెయ్యి పెడుతూ చెప్పాడు. “ఇందాకటి నుంచండీ. మూడేళ్ళుగా లేదు. అన్నీ రాసి పెట్టానండీ, చూడండి బాబూ,” అని పుస్తకం తీసి రెండు చేతులా అందించాడు.

ఆడిటరు నాలుగు పేజీలు తిప్పాడు. అతని ముఖం కొంచెం మారింది కూడా. ఆ క్షణాన వరదానం గుండె ఎంత పొంగిందో! తర్వాత ఆడిటరు తన కాగితం వంక చూసుకున్నాడు.

“నాకిచ్చిన ఫారంలో రెండే గళ్ళండీ. మీటరు ఉందా, తిరుగుతోందా. దీనికి గడి లేదు. మీ ఆఫీసులో ఇవ్వండి,” అని పుస్తకాన్ని తీసికెళ్ళి అబ్బాయిరాజు చేతిలోనే పెట్టాడు.

అబ్బాయిరాజు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. పుస్తకం జేబులో వేసుకుని మెత్తగా అన్నాడు. “వరదానం గారూ, సారు బూట్లు పాడయ్యాయి. ఆ తువ్వాలు ఒకసారి ఇలా ఇవ్వండి.”

వరదానం ఇచ్చాడు. ఇవ్వనని ఎలా అంటాడు? డ్రైవరు బూట్లు తుడిచి, తువ్వాలు జీపు వెనక పడేశాడు.

జీపు ఎక్కుతూ అబ్బాయిరాజు, ఆడిటరు వినకుండా చెప్పాడు. “రేపు ఆయన మండవల్లి చూస్తారు. మీటరు ఈ పూటే విప్పి, తీసికెళ్ళి అక్కడ బిగించెయ్యండి.”

వరదానం గట్టు మీద కూలబడ్డాడు. సలోమి కట్టిచ్చిన అన్నం సహించలేదు. మూడేళ్ళ రాత రెండు గళ్ళలో పట్టలేదు. ఏడుపొచ్చింది, చూసేవాళ్ళెవరూ లేరు గనక ఏడ్చాడు. కళ్ళు తుడుచుకుందామని భుజం తడిమాడు. తువ్వాలు లేదు.

రెండింటికి లేచాడు. కొండయ్యకి ఒక మాట చెబుదామని పాక దాకా వెళ్ళాడు. తలుపు మూసి ఉంది, మేతకోసం కైకలూరు వెళ్ళినట్టున్నాడు. సరేనని స్విచ్ కిందికి దించి, తుమ్మ కొమ్మ ఒకటి విరిచి హ్యాండిల్‌కి గుచ్చాడు. మీటరు పెట్టె తెరిచాడు. మొదటి స్క్రూ సులువుగానే వచ్చింది. రెండోది కొంచెం మొండికేసింది.

కొల్లేటి మీంచి గాలి లేచింది. ఆ గాలికి కొమ్మ ఎంతసేపు నిలుస్తుంది!

కొండయ్య మేత బస్తాతో వచ్చేసరికి చేపలన్నీ నీటిపైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ముసురు రోజున మోటారు ఆగితే అంతే. బస్తా అక్కడే పడేసి గట్టు వెంట పరుగెత్తాడు. హ్యాండిల్ వంక చూశాడు. అలవాటు కొద్దీ రెండోసారి కూడా చూశాడు. తువ్వాలు లేదు. స్విచ్ వేశాడు. మోటారు అందుకుంది, చెరువులోకి నీళ్ళు దూకాయి, చేపలు కిందికి దిగాయి. కొండయ్య నుదురు తుడుచుకుని బీడీ వెలిగించుకున్నాడు.

సాయంత్రం సలోమి వెతుక్కుంటూ వచ్చేవరకు వరదానం సంగతి ఎవరికీ తెలియలేదు. అప్పటికి అతను పోయి మూడు గంటలయింది.

ప్రమాదం నివేదికకి గళ్ళు చాలానే ఉన్నాయి. అబ్బాయిరాజు అన్నీ నింపాడు. “మృతుడు హెచ్చరిక గుర్తు ఉంచలేదు” అన్న గడిలో టిక్కు పెట్టాడు. కొండయ్య పోలీసు స్టేషన్ అరుగు మీద కూర్చుని, వచ్చిన ప్రతివాడికీ ఒకటే మాట చెప్పాడు. “తువ్వాలు లేదండీ. నేను రెండుసార్లు చూశానండీ.”

మర్నాడు మండవల్లిలో ఆడిటరు దిగబోతుంటే డ్రైవరు జీపు వెనక చెయ్యి పెట్టి తువ్వాలు తీసి సిద్ధంగా పట్టుకున్నాడు. పచ్చంచు కనపడకుండా బురద ఎండి అట్టకట్టింది, మూలన ఎర్రదారపు సిలువ మాత్రం ఇంకా శుభ్రంగానే ఉంది.