ఒకే జబ్బుకు మూడు మందులు

దేనికీ తొందరపడని కంపౌండరు గారు ఆ ఉదయం ఎనిమిది కాకముందే మరదలికి ఫోన్ చేసి, "నువ్వొకసారి రావాలమ్మా, కంప్యూటరుకు బాగాలేదు," అన్నారు. ఆ గొంతు విన్నాక ఆవిడ జడ కూడా పూర్తిగా అల్లుకోకుండా బయల్దేరింది.

ఆయన చదివింది ఫార్మసీ డిగ్రీ. ముప్పై ఏడేళ్లు సొంత మందుల షాపు నడిపారు. అయినా వీధంతా ఆయన్ని కంపౌండరు గారనే పిలిచింది, ఆయనా దిద్దే పని పెట్టుకోలేదు. మరదలు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టి, టైపు మిషన్లు మూలపడ్డాక కంప్యూటర్లు నేర్చుకుని, అవీ నేర్పి, రెండేళ్ల కిందటే రిటైరైంది. అక్క పోయి మూడేళ్లయినా బావని ఆటపట్టించడం మాత్రం మానలేదు. ఆయనకూ అది కావాలి. ఇంట్లో తనతో పోట్లాడే మనిషి ఇంకొకరు మిగిలారన్నది ఆయన లెక్కలో చిన్న భాగ్యం కాదు.

కంప్యూటరు భార్య కుట్టుబల్ల మీదే ఉంది. కిటికీ వెలుతురు బాగా పడేది అక్కడే. తెర మధ్యలో చిన్న గుండ్రం ఒకటి తిరుగుతోంది.

"ఎప్పట్నుంచి ఇలా?" అంది మరదలు, సంచీ కింద పెడుతూ.

"నిన్న సాయంత్రం నుంచి. ఫైలు తెరవమంటే గానుగెద్దులా తిరుగుతూ కూర్చుంది. మధ్యమధ్యలో ఎర్రటి హెచ్చరికలు. వైరస్ దూరింది. పుస్తకం పోయినట్టే."

మరదలు నవ్వబోయి ఆగిపోయింది. పుస్తకం అంటే ఏమిటో ఆవిడకు తెలుసు. అక్క ఈ గదిలోనే ఎంతోమందికి కత్తిరింపు నేర్పింది. గౌనుకు ఎంత, కోటుకు ఎంత, భుజం ఒకవైపు వాలిన మనిషికి చొక్కా ఎలా కత్తిరించాలి, అన్నీ ఒక పొడుగాటి నోటు పుస్తకంలో పెన్సిలుతో రాసుకుంది. దాన్ని అచ్చు వేయించమని ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లు పట్టుబట్టారు. మసకబారిన ఆ అక్షరాల్ని భూతద్దం పెట్టి చదువుతూ, ఒక్క వేలితో టైపు చేస్తూ, ఆయన నాలుగు నెలలు కూర్చున్నారు. ప్రెస్సుకు ఫైలు పంపాల్సింది ఈ రోజే. ఇవాళ దాటితే మిషను ఇంకో పనికి వెళ్లిపోతుంది, మళ్లీ ఎప్పుడు ఖాళీ అవుతుందో వాళ్లే చెప్పలేమన్నారు. పోనీ మళ్లీ మొదట్నుంచి కొడదామంటే, ఆ పెన్సిలు గీతల్ని రెండోసారి చదివే ఓపిక ఆయన కళ్లకు లేదు.

"కాపీ ఎక్కడైనా దాచారా?"

"లేదు."

"చెప్పాను కదా బావా."

"చెప్పావు. ఇప్పుడు తిట్టకు, తర్వాత తీరిగ్గా తిట్టు."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. తెర కింది మూల నుంచి ఎర్రగా ఒక డబ్బా పైకి వచ్చింది. దాని మీద పచ్చ డాలు బొమ్మ. ఆవిడ అది చదివేలోపు పక్కన ఇంకో ఎర్ర డబ్బా లేచింది. దాని మీద కోట బొమ్మ. ఆవిడ రెండింటినీ మార్చి మార్చి చూసింది.

"బావా, దీనికి వైరస్ రాకుండా ఏం వేశారు?"

కంపౌండరు గారు కిటికీలోంచి బయటికి చూశారు. "నువ్వు చెప్పిందే ఉంది. కంప్యూటరుతో పాటు వచ్చింది."

"ఇంకా?"

"పేపర్లో ఒక వార్త చదివాను. ఎవరో గుమాస్తా ఫైళ్లన్నీ పోయాయట. భయమేసి పచ్చ డాలు వేశాను. ఊరికే ఇస్తున్నారు."

"ఇంకా?"

"ఊరికే ఇచ్చేది ఏపాటి పనిచేస్తుందిలే అనిపించి, మొన్న ఆ కోటది కొన్నాను."

మరదలు చేతులు కట్టుకుని కుర్చీలో ఆయన వైపు తిరిగింది.

"మీ షాపుకి ఒకాయన వచ్చాడనుకోండి. ఒకే జ్వరానికి ముగ్గురు డాక్టర్లకు చూపించుకుని మూడు చీటీలు తెచ్చాడు. మూడూ ఒకే రకం మందు, పేర్లే వేరు. ఇస్తారా?"

"కౌంటర్ అవతల నుంచే చెడామడా తిట్టి పంపేవాణ్ణి," అన్నారాయన వెంటనే. అంటూనే తెర వైపు చూశారు. ముప్పై ఏడేళ్లలో ఎంతమందికి వేలు చూపించి చెప్పారో ఆ మాట. తన ఇంటికొచ్చేసరికి తనే మూడూ మింగించారు.

"అంటే వైరస్ లేదా?"

"ఇంకా తెలీదు. ఈ ఎర్ర డబ్బాలు మాత్రం దొంగ గురించి కావు. పచ్చ డాలు కోటని అనుమానిస్తోంది, కోట పచ్చ డాలుని అనుమానిస్తోంది. మీ ఫైలు తెరవబోతే నేను ముందు సోదా చేస్తానంటే నేనని రెండూ పట్టుకు లాగుతున్నట్టున్నాయి. పాపం, వేరేవాళ్లు రాగానే కంప్యూటరుతో వచ్చింది మర్యాదగా పక్కకు తప్పుకుంది."

"అయితే ఏది ఉంచమంటావ్?"

"నన్నడక్కండి. మందులు ఎంచడం మీ విద్య."

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. షాపుకి కొత్త మందు తెచ్చిన కంపెనీ మనిషిని నిలబెట్టి అడిగినట్టే మొదలుపెట్టారు.

"కంప్యూటరుతో వచ్చిందాన్ని చేసిందెవరు?"

"ఈ కంప్యూటరు లోపలి వ్యవస్థ తయారుచేసినవాళ్లే."

"గడువు?"

"లేదు. కొత్త జబ్బుల సమాచారం తనే తెచ్చుకుంటుంది, మీరు నెట్టు ఆపేయకుండా ఉంటే చాలు."

"సైడ్ ఎఫెక్టులు?"

"పెద్దగా లేవు. పచ్చ డాలు గంటకోసారి మీ భుజం తట్టి, డబ్బు కట్టి తెచ్చుకునే నా అన్నయ్యని కొనుక్కోమంటుంది. కోట మంచిదే, కానీ పది కంప్యూటర్లున్న ఆఫీసుకి పనికొచ్చే హంగులు. మీకు అందులో సగం అర్థం కాక నాకు ఫోన్ చేస్తారు."

"అన్ని వైరస్‌లనీ పడుతుందా?"

"అన్నిటినీ పట్టేది ఏదీ లేదు. తెలియనివాళ్లు పంపింది మీరు తెరవకపోతే సగం వైద్యం అయినట్టే. కాపీ తీసి పెట్టుకుంటే మిగతా సగం."

"అలా నిజం చెప్పే కంపెనీ మనిషి నాకెప్పుడూ దొరకలేదు," అన్నారాయన. "దానితో వచ్చిందే ఉంచు. ఆ రెండూ తీసెయ్."

"నేనెందుకు తీయాలి? మీరే తీయండి, చెబుతాను."

ఒక్కోదాన్ని తీయడానికి పావుగంట పట్టింది. పచ్చ డాలు వెళ్లనని మూడుసార్లు బతిమాలింది. కోట ఒక్కసారి అడిగి ఊరుకుంది. చివరికి కంప్యూటరు ఆపి మళ్లీ వెలిగించాలంది. తెర నల్లబడింది. వీధిలో ఎవరో సైకిలు నిలబెట్టిన చప్పుడు కూడా స్పష్టంగా వినిపించింది. కంపౌండరు గారు బల్ల అంచు పట్టుకున్నారు. మరదలు కూడా ఈసారి ఏ వేళాకోళమూ ఆడలేదు.

తెర వెలిగింది. ఉన్న ఒక్క కాపలా తిరిగి డ్యూటీ ఎక్కి, మొత్తం వెతికి, ప్రమాదం ఏమీ లేదని చిన్న అక్షరాల్లో చెప్పింది. ఆయన ఫైలు మీద రెండుసార్లు నొక్కారు.

తెరుచుకుంది.

ఆయన పేజీలు కిందికి జరుపుకుంటూ పోయారు. గౌన్లు, చొక్కాలు, కోట్లు. వాలు భుజం పేజీ. మొన్న రాత్రి కొట్టి ముగించిన కాలరు కొలత, ఆఖరి అంకెతో సహా. అప్పుడు గాని ఆయన ఊపిరి వదల్లేదు.

"ఉంది," అన్నారు.

మరదలు పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ తీయించి తన సంచీలో వేసుకుంది. రెండోది ఆయన బీరువాలో పెట్టారు. ఆ తర్వాత ఫైలు ప్రెస్సుకు పంపారు. ఇరవై నిమిషాలకు ప్రెస్సు మేనేజరు ఫోన్ చేసింది.

"అందిందండీ, అంతా బాగుంది. ఒక్కటే. మీరు పేజీ నంబర్లు వేయలేదు."

కంపౌండరు గారి మొహం విప్పారింది. "అంతేనా?"

"అంతేనండీ. సాయంత్రంలోగా వేసి పంపితే చాలు."

ఆయన ఫోన్ పెట్టేసి కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఇంత చిన్న జబ్బు ఈ మధ్యకాలంలో ఆయన వినలేదు.

"జరగండి బావా, నేను వేసేస్తాను, రెండు నిమిషాల పని," అంది మరదలు.

"వద్దు. నువ్వు చెప్పు. గంటైనా నేనే వేస్తాను."