బావ చల్లిన పువ్వు

అక్క మెళ్లో తాళి కట్టిన రోజు నుంచీ బావ తన కొంప ముంచడానికే చూస్తున్నాడని వెల్డింగ్ షాపాయన నమ్మకం. నాన్న పంపకాలు చేసినప్పుడు రోడ్డు పక్క మెత్తటి నేల అక్కకు పోయింది. కొండ అంచున నాలుగెకరాల రాళ్లగుట్ట తనకు మిగిలింది. మేక కూడా ముఖం తిప్పుకునే నేల అది. ఇన్నేళ్లకు కంకర మిల్లు యజమాని దాన్ని కొంటానని వస్తే, సరిగ్గా అప్పుడే, బావ మేడ మీది గదిలో అద్దెకు దిగిన మొక్కల మేడమ్ ఆ రాళ్ల మధ్య ఒక పసుపు పువ్వును చూసింది.

చామంతి జాతిదట. బొటనవేలి గోరంత ఉంటుంది. వానకు మొలిచి, పూసి, గింజ రాల్చి, ఎండకు మాడిపోతుంది. ఇంకెక్కడా కనిపించలేదట.

"కంగారు పడకండి," అందామె. "ఈ బండ చుట్టూ పది సెంట్లు వదిలేస్తే చాలు. వచ్చే వానలకి మా అటవీశాఖ ఆఫీసు వాళ్లొచ్చి, గుట్ట మీద ఇంకెక్కడా లేదని చూసుకుని, మిగతాది అమ్ముకోమని కాగితం ఇస్తారు."

"నీ నేల్లో పూలు కూడా పూస్తాయేంట్రా బామ్మర్దీ," అని బావ నవ్వాడు. "నీ మొహానికి ముళ్లే అనుకున్నా."

ఆ నవ్వు అతనికి ముల్లులా దిగింది. ఇంటికెళ్లి భార్యను నిలదీశాడు.

"ఎప్పుడూ లేని పువ్వు, బేరం వచ్చాకే ఎలా మొలిచిందే?"

"నువ్వెప్పుడు వంగి చూశావని? పది సెంట్లేగా, వదిలెయ్."

"సెంట్ల గొడవ కాదు. నా నేల్లో చల్లడానికి వాడెవడు?"

మొక్కలు ఎండేదాకా ఆగాడు. ఒకనాడు షాపు మూసి, గోనెసంచి పట్టుకెళ్లి, ఒక్కటి మిగల్చకుండా పీకేశాడు. మేడమ్ కంట పడకుండా గుట్ట పైఅంచు చుట్టూ తిరిగి, సంచిని రాళ్ల మీద ఈడ్చుకుంటూ బావ పొలానికి దిగాడు. వాడి నేల కూడా ఇరుక్కోవాలని అతని కసి. తీరా సంచి దులిపితే గింజలు తక్కువ, పుల్లలు ఎక్కువ రాలాయి. రాళ్లకు ఒరుసుకుని సంచి అడుగున పిడికిలి పట్టేంత చిల్లి పడింది. నువ్వుగింజలో సగం లేని విత్తనాలు, ఎవడికి కనిపిస్తాయిలే అనుకున్నాడు.

వానలు పడ్డాయి. బావ మెత్తటి నేలలో గడ్డి తప్ప ఏమీ మొలవలేదు. గుట్ట మీద మాత్రం పైఅంచున చుట్టూ పసుపు చార, దాని కింద నీళ్లు జారిన చోటల్లా పువ్వులే.

"ఇది రాళ్ల సందుల్లోనే బతుకుతుందండి," అంది మేడమ్, ముఖం వెలిగిపోతుంటే.

"ఎవరో నడుస్తూ చల్లినట్టుంది," అన్నాడు టేపు పట్టుకున్న ఆఫీసు మనిషి.

"నేను మొదట్నుంచీ మొత్తుకునేది అదే," అని వెల్డింగ్ షాపాయన బావ వైపు వేలు చూపించాడు. "అడగండి ఆయన్ని."

బావ తెల్లమొహం వేశాడు. సంచి చిల్లికి మాసిక వేసిన భార్య మాత్రం అతని వేలు పట్టుకుని కిందికి దించింది.

కంకర మిల్లు యజమాని ఆ రోజు నుంచి ఫోన్ ఎత్తడం లేదు. గుట్ట చుట్టూ కంచె పడింది. షాపుకి గేటు అతికించుకోవడానికి వచ్చినవాళ్లకు కూడా వెల్డింగ్ షాపాయన ఇప్పటికీ చెబుతాడు, బావ వల్ల తనకు పోయింది మూడెకరాల తొంభై సెంట్లని.