ఇక్కడ కొంచెం ఆగండి

ఆదివారం పొద్దున పదిన్నరకి ఆమె మూడోసారి చేతులు తుడుచుకుని, ఇంట్లో అందరూ వాడే కంప్యూటరు ముందు కూర్చుంది. మొదటిసారి కూర్చున్నప్పుడు అత్తగారు బెడ్‌పాన్ అడిగింది. రెండోసారి దుప్పటి మార్చాల్సి వచ్చింది. తుంటి ఎముక విరిగి మూడు నెలలుగా మంచం మీదున్న మనిషి, ఆవిడ తప్పేం లేదు. తప్పెవరిదో ఆలోచించే ఓపిక కూడా ఆమెకు లేదు.

బస్సుల సంస్థలో ప్రయాణికుల ఫిర్యాదులకు జవాబులు రాయడం ఆమె ఉద్యోగం. పదమూడేళ్ల సర్వీసు. సోమవారం రాజీనామా ఇచ్చేస్తానని శుక్రవారం చెబితే మేనేజరు "అయ్యో, అలాగా" అన్నాడు. అని, ఊపిరి తీసుకునే లోపే ఇంకో మాట కలిపాడు.

"ఎలాగూ వెళ్తున్నారు కదమ్మా, ఈ ఒక్కటీ చేసిపెట్టండి. ఫిర్యాదులకు జవాబు రాసేటప్పుడు మనవాళ్లు సెర్చ్ ఇంజన్‌లో వెతుక్కోవడం మంచిదా, చాట్‌బాట్‌ని అడగడం మంచిదా? ఒకే ప్రశ్న రెండిట్లోనూ వేసి చూసి, రెండు పేజీలు రాయండి. ఆదివారం ఇంట్లో ఖాళీయే కదా."

ఆ రెండు పేజీలు మీటింగులో చదివేది పక్క సీటు ఆయన. ఆ సంగతి చెప్పడం మాత్రం మేనేజరు మర్చిపోలేదు.

మొదటి ప్రశ్న శుక్రవారం ఆఫీసులోనే వేసింది. బస్సులో పోయిన గొడుగు ఎక్కడ దొరుకుతుంది? సెర్చ్ పది లింకులు ముందు పడేసి చేతులు దులుపుకుంది. చాట్‌బాట్ ఆ గొడుగు తనే ఎత్తుకెళ్లినంత వినయంగా క్షమాపణ చెప్పి, చక్కటి పేరా ఒకటి రాసిచ్చింది. రెండో ప్రశ్నకి మాత్రం జవాబు ముందే తెలిసుండాలి అనుకుంది. అప్పుడే ఏది తప్పు చెబుతోందో తేలుతుంది.

తనకు బాగా తెలిసిన జవాబు ఒకటుంది. పెద్దవాళ్లను పగటిపూట చూసుకునే కేంద్రం ఈ చుట్టుపక్కల లేదు. భర్త ఊరంతా గాలించి చెప్పిన మాట అది. "వెతకని చోటు లేదే. ఎక్కడా దొరకట్లేదు."

సెర్చ్‌లో 'పగటిపూట పెద్దవాళ్లను' అని కొట్టిందో లేదో, 'చూసుకునే కేంద్రం దగ్గరలో' అని మిగతాది కంప్యూటరే పూరించింది. ఇంతకుముందు అడిగినవాళ్లున్నారన్నమాట. అవును, వెతికానన్నాడుగా. పది లింకులు వచ్చాయి. తొమ్మిది నీలం రంగులో ఉన్నాయి. మూడోది ఊదా రంగులో ఉంది. అంటే ఇంతకుముందే ఎవరో దాన్ని తెరిచి చూశారు.

ఆమె కూడా తెరిచింది. ఐదు వీధుల అవతల. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా. వ్యాను ఇంటి ముందుకే వస్తుంది. తుంటి ఆపరేషను అయినవాళ్లకు నడక నేర్పే మనిషి కూడా ఉంది.

ఖాళీలు లేవన్నారేమో. చూసి మర్చిపోయాడేమో. అతని తరఫున సాకులు వెతకడం ఆమెకు పదహారేళ్ల అలవాటు. అది ఇప్పుడూ చెయ్యి వదల్లేదు. సరే, రెండోదాన్నీ అడుగుదామని చాట్‌బాట్ తెరిచింది. అతని ఖాతా తెరిచే ఉంది. పక్కన పాత సంభాషణల పేర్లు వరసగా కనిపించాయి. కారు బ్యాటరీ. జుట్టు రాలడం. భార్యతో ఉద్యోగం గురించి మాట్లాడటం.

నొక్కింది.

'దగ్గర్లో ఒక సెంటరు ఉంది. కానీ అమ్మను అక్కడికి పంపితే నలుగురూ ఏమంటారు? నా భార్య ఉద్యోగం మానేస్తే సరిపోతుంది. తనంతట తనే మానేస్తాననేలా ఎలా చెప్పాలి?'

దానికి చాట్‌బాట్ మర్యాదగానే ఎదురు ప్రశ్న వేసింది. మీ భార్య ఏమనుకుంటున్నారో అడిగారా? మీ అమ్మగారి ఇష్టం తెలుసుకున్నారా?

'అవన్నీ వద్దు. మాటలు రాసివ్వు.'

రాసిచ్చింది.

'నీ కష్టం ఎవరికీ కనిపించకపోవచ్చు, నాకు కనిపిస్తోంది. నువ్వు ఇలా అలసిపోతుంటే చూడలేకపోతున్నాను.' దాని కింద చిన్న అక్షరాల్లో సలహా ఉంది. ఇక్కడ కొంచెం ఆగండి. తొందరపెట్టవద్దు. 'ఏ నిర్ణయమైనా నీదే. నేను నీ వెనకే ఉంటాను.'

పది రోజుల కిందట, సాయంత్రం టీ తాగుతూ అన్నాడు ఆ మాటలు. సరిగ్గా అక్కడే ఆగాడు. ఫ్యాను వైపు చూశాడు. గొంతు పూడుకుపోయిందేమో అనుకుంది ఆమె. ఇన్నేళ్లకి ఒక్క మాట దొరికిందని వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది. మర్నాడే రాజీనామా రాసేసింది.

ఆమెకు కోపం రాలేదు. కోపానికి కూడా కాస్త బలం కావాలి. నోట్సు తెరిచి రాసింది: 'వెతికితే పది దారులు చూపించి పక్కకు తప్పుకుంటుంది. మనకు నచ్చనివి కూడా అందులో ఉంటాయి. అడిగితే చెయ్యి పట్టుకుని ఒక్క దారిలో నడిపిస్తుంది. ఆ దారి ఎటు పోవాలో అడిగేవాడు ముందే చెప్పేసి ఉంటాడు.'

తలుపు చప్పుడైంది. భర్త క్షవరం చేయించుకుని వచ్చాడు.

"ఎలా ఉంది? మరీ కురచగా కొట్టాడా?"

"మొన్న టీ దగ్గర నాతో అన్న మాటలు ఇంకోసారి అంటారా?"

"ఏ మాటలు?" అంటూ దగ్గరకొచ్చి తెర చూశాడు. మెడ తడుముకున్నాడు. "ఓ, అదా. నాకు మాటలు సరిగ్గా రావని తెలుసుగా నీకు. దాంతో రాయించా. భావం నాదేగా."

"ఆగడం కూడా మీదేనా?"

అతను కుర్చీ లాక్కున్నాడు.

"ఆ సెంటరు సంగతి?"

"అమ్మని అలాంటి చోట పడేస్తే మా అన్నయ్య వాళ్లు ఊరుకుంటారా? ఊరికే పెద్దది చెయ్యకు."

"మీ అన్నయ్య ఈ మూడు నెలల్లో రెండుసార్లొచ్చి పళ్లిచ్చి వెళ్లారు. సరే, అది వదిలేయండి. నేనెందుకు ఉద్యోగం మానాలో మీ మాటల్లో చెప్పండి. అడ్డదిడ్డంగా వచ్చినా ఫర్వాలేదు."

అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. చొక్కా కాలరు మీది వెంట్రుకలు ఒక్కొక్కటే తీసి పక్కన పడేశాడు. పక్క గదిలో తల్లికి వినిపించకుండా అన్నాడు.

"అమ్మకి ఒళ్లు తుడవడం, ఆ బెడ్‌పానూ అవీ... నావల్ల కాదు."

పదహారేళ్లలో అతను ఆమెతో చెప్పిన మొదటి నిజం అదేనేమో. అందుకే ఆమె కూడా గొంతు పెంచకుండానే జవాబిచ్చింది.

"నావల్ల అవుతోందని మీకెవరు చెప్పారు?"

అతని చెయ్యి కీబోర్డు వైపు జరిగింది. అలవాటు కాబోలు. ఆమె తెర ఆపేసింది.

"రేపు నేను మామూలుగానే ఆఫీసుకి వెళ్తాను. ఎల్లుండి కూడా. వ్యానుని పిలుస్తారో, మీరే సెలవు పెడతారో సాయంత్రంలోగా తేల్చండి. దాన్ని అడక్కండి. వెళ్లి అత్తయ్యని అడగండి."