ఆపేసిన మాత్ర

వంతెన దిగి మలుపు తిప్పేసరికి డ్రైవరు తలలో మళ్లీ జిల్లుమంది. కరెంటు తీగ తగిలి వదిలినట్టు. కళ్లు ఒక పక్కకు తిప్పితే లోకం కాస్త ఆలస్యంగా తిరుగుతోంది. పొద్దుటినుంచి ఇదే వరస. స్టీరింగు కాలుతోంది, చొక్కా వీపుకు అంటుకుపోయింది, బస్సులో కాలు పెట్టే సందు లేదు.

మార్కెట్ దగ్గర తోపుడుబండి అడ్డం రావడం అతను చూశాడు. చూసిన సంగతి కాలికి చేరేసరికి ఆలస్యమైంది. బ్రేకు పడ్డాక నిలబడ్డవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒక ముసలావిడ నుదురు కమ్మీకి కొట్టుకుంది. బస్సుకీ తోపుడుబండికీ మధ్య జానెడు దూరం మిగిలింది. బండివాడు తిట్టలేదు. వెనక్కి లాగిన విసురుకు బండి మీంచి దొర్లిపోయే టమాటాలను కూడా పట్టించుకోకుండా డ్రైవరు మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

ముసలావిడను సీట్లో కూర్చోబెట్టి కండక్టరు ముందుకొచ్చింది.

"ఏమైందన్నా? నిద్ర లేదా?"

"ఏం లేదమ్మా. రైట్ చెప్పు."

నిరుడు అతనికి అన్నం సయించడం మానేసింది. డ్యూటీ దిగి ఇంటికెళ్లి గోడవైపు తిరిగి పడుకునేవాడు. కూతురు పిలిచినా పలికేవాడు కాదు. తను లేకపోతే వీళ్లకు పీడ వదులుతుందని ఓసారి నోరు జారాడు. భార్య తెల్లారగానే పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

బయట క్యూ పెరుగుతున్నా డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది. "ఇది మత్తుమందు కాదు నాయనా. మెదడులో ఒక కణం ఇంకో కణానికి కబురంపే పదార్థం ఉంటుంది. అది వెంటనే వెనక్కి పోకుండా ఈ మాత్ర కాస్త నిలబెడుతుంది. మనసు తేలికపడటానికి మాత్రం వారాలు పడుతుంది. అదెందుకని అడిగితే మాకూ పూర్తిగా తెలీదు." తర్వాత భార్య వైపు తిరిగింది. "మొదట్లో కడుపులో తిప్పుతుంది, కొందరికి ఒకచోట నిలవబుద్ధి కాదు. పాడు ఆలోచనలు ఎక్కువైతే ఆ క్షణమే తీసుకురా. నేను చెప్పేదాకా బస్సు నడపనివ్వకు. బాగైపోయిందని మీ అంతట మీరు ఆపొద్దు. టైమొచ్చినప్పుడు మేమే మెల్లగా తగ్గిస్తాం."

మొదటి రోజులు నరకమే. తర్వాత ఒక పొద్దున "ఇంకొంచెం వెయ్యి" అని కంచం చాపాడు. వడ్డిస్తూ భార్య మొహం పక్కకు తిప్పుకుంది. డాక్టరమ్మ సరేనన్నాకే డ్యూటీలో చేరాడు. చాలాకాలం బండి సాఫీగానే నడిచింది.

మొన్నామధ్య డిపోలో టిఫిను సంచిలోంచి మాత్రల షీటు జారి, డ్యూటీలు వేసే కంట్రోలరు కాళ్ల దగ్గర పడింది.

"పిచ్చి మాత్రలు మింగేవాడికి బస్సెట్లా ఇస్తామయ్యా? పైవాళ్లకు తెలిస్తే నీ ఉద్యోగం ఉండదు. మానెయ్. నేను చూడలేదనుకుంటా." ఆ మాట భుజమ్మీద చెయ్యేసి, ప్రేమగానే అన్నాడు.

ఆ రోజే ఆపేశాడు. భార్యకు చెప్పలేదు.

ఇప్పుడు డిపోకి చేరి బస్సు ఆపగానే, పాత జనం పూర్తిగా దిగకముందే కొత్త జనం ఎక్కేశారు. గదిలోకి వెళ్లగానే కంట్రోలరు తలెత్తకుండానే అన్నాడు: "ఇంకో ట్రిప్పు వేసి పో. డ్యూటీకి మనుషుల్లేరు."

డ్రైవరు తాళం బల్ల మీద పెట్టాడు.

"నేను తియ్యను సార్."

"తాగొచ్చావా?"

"లేదు. మీరు మానెయ్యమన్న మాత్ర మానేశాను. తల నిలవట్లేదు. ఇందాక ఒక మనిషిని చంపేసేవాణ్ణి."

కంట్రోలరు లేచి తలుపు దగ్గరికి వేశాడు. "మెల్లగా మాట్లాడు. చూడు, ఈ ఒక్క ట్రిప్పే. రేపు సెలవిస్తా."

"రేపటి సంగతి కాదు సార్. ఇప్పుడు తియ్యను."

బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. పోయేది ఉద్యోగమో, సెలవుతో సరిపోతుందో తేల్చుకునే ఓపిక కూడా లేదు. భార్యకు ఫోన్ చేశాడు. బస్సులో జనానికి విసుగెత్తింది. ఎవరో కుర్రాడు డ్రైవరు సీటు దాకా పోయి అదే పనిగా హారను కొడుతున్నాడు.

"మాత్ర మానేశాను," అన్నాడు, ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టుకుని.

"ఏంటీ? ఏం వినపడట్లేదు. గట్టిగా చెప్పండి."

చుట్టూ డ్యూటీ దిగిన డ్రైవర్లు, కండక్టర్లు, కిటికీల్లోంచి చూస్తున్న జనం. హారను ఆగలేదు. అతను లేచి నిలబడ్డాడు. చెయ్యి తీసేసి, ఆవరణంతా వినపడేలా మళ్లీ చెప్పాడు.