ఏడో పన్ను

లారీ కింద వెల్లకిలా పడుకుని ఆయన వైరు బ్రష్‌తో వెనక ఇరుసు మీది మట్టిని గీకుతున్నాడు. నూనె, దుమ్ము కలిసి ఏళ్ళ తరబడి పేరుకున్న పెచ్చు ఊడి ఆయన ముఖం మీద, మెడ మీద రాలుతోంది. ఎప్పుడూ అంతే. ముందు గీకాలి, కిరసనాయిలు గుడ్డతో తుడవాలి, ఆ తరవాత మూత బోల్టు కింద బిగించి ఉండే చిన్న రేకు కోసం వెతకాలి. ఇరుసు ఏ రకమో, లోపలి పళ్ళెన్నో ఆ రేకు మీద గుద్ది ఉంటుంది. బోల్టు వేలికి తగిలింది. రేకు తగల్లేదు.

"రేకు ఎప్పుడో ఎగిరిపోయింది," అన్నాడు కింద నుంచే.

"అయితే విప్పి లెక్కపెట్టాల్సిందేగా డాక్టరుగారూ!" అన్నాడు మెకానిక్కు.

ఆ పాత సామాన్ల యార్డులో అందరూ ఆయన్ని పళ్ళ డాక్టరనే పిలిచేవారు. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఆయన పని ఒక్కటే. పెద్ద లారీల వెనక ఇరుసు చూసి అది ఏదో చెప్పడం, దానికి సరిపోయే పళ్ళచక్రాల జత, అంటే పెద్ద క్రౌనూ చిన్న పినియనూ, షెడ్డులోంచి తీసివ్వడం. ఒకప్పుడు లారీ గేటు దాటకముందే ఇరుసు బొజ్జ చూసి రకం చెప్పేసేవాడు. ఒకసారి ఎవరో నిజంగానే దవడ పట్టుకుని వస్తే, "పినియనైతే పీకుతాను గానీ పన్ను నా వల్ల కాదు బాబూ" అని పంపించాడట. ఆయన నోట్లో మాత్రం ముందు పళ్ళు నాలుగే మిగిలాయి.

ఇప్పుడు గేటు దగ్గర లారీ ఆయనకొక నల్లటి మరక. ఎడమకంటికి మూడేళ్ళ కిందట పొగ కమ్మింది. కుడికన్ను ఏడాదిన్నరగా అదే దారి పట్టింది. నరం ఎండిపోయింది, ఆపరేషనుతో అయ్యే పని కాదన్నాడు కంటి డాక్టరు. ఈ సంగతి భార్యకు తప్ప మరో మనిషికి తెలియదు. ఆమె రోజూ పొద్దున్నే కూరగాయలకు బయల్దేరినట్టు సంచీ పట్టుకుని, పక్కనే నడిచి, పెద్ద రోడ్డు దాటించి, యార్డు మలుపులో వదిలి వెళ్ళేది. సాయంత్రం మళ్ళీ అక్కడే నిలబడేది. మలుపు నుంచి గేటుకు నూట పన్నెండు అడుగులు. అక్కణ్ణించి లోపల ఏ మెట్టెక్కడుందో, ఏ అరలో ఏముందో ఆయన కాళ్ళకూ చేతులకూ కంఠతా వచ్చు.

ఈ లారీకి వెనక రెండు ఇరుసులు. వాటిలో ముందుదాని పళ్ళు విరిగాయి. డ్రైవరు ఒక్కచోట నిలవలేకపోతున్నాడు. పైన నీళ్ళ పైపుల లోడు. పొద్దుగూకే లోపల ఘాట్ దిగాలంటాడు. అతని భార్య కేబిన్ తలుపు తీసుకుని మెట్టు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. వాళ్ళకు ఇల్లూ వాకిలీ అంతా ఆ కేబినే.

విప్పిన సామాను ఆయన ముందు పెట్టారు. క్రౌను ఒక పంటికి దారం కట్టి, బొటనవేలు ఒక్కో పంటి మీద జరుపుకుంటూ లెక్కపెట్టాడు. నలభై ఒకటి. పినియను ఒళ్ళో పెట్టుకున్నాడు. గ్రీజు ముద్ద, ఇనుప రజను, విరిగిన కొసలు. ఒకటి, రెండు, మూడు... ఆరు.

"రెండో ఇరుసు చక్రాలు జాకీ మీద లేపి చూద్దామా? చక్రం ఒక చుట్టు తిప్పితే షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో తేలిపోతుంది. రెండూ ఒకటే ఉండాలని మీరేగా అనేవాళ్ళు," అన్నాడు మెకానిక్కు.

నిజమే, ఆయన నేర్పిన పాఠమే. కానీ చుట్లు లెక్కపెట్టడానికి షాఫ్టు మీద గీసే సుద్దగీత ఆయనకు కనబడదు. కాస్త చూసి చెప్పవయ్యా అనడానికి నోరు రాలేదు.

"నా వేళ్ళకి కళ్ళున్నాయిలే. ఆరూ నలభై ఒకటి. మూడో అర, కింద వరస. పట్రా."

బిగింపు మూడింటికి పూర్తయింది. డ్రైవరు భార్య కేబిన్ ఎక్కుతూ ఆగింది.

"పెద్దాయనా, ఘాట్‌లో భయం లేదుగా?"

"కళ్ళు మూసుకుని దిగండమ్మా," అన్నాడాయన, గొంతు వచ్చిన వైపు చూసి నవ్వుతూ.

లారీ వెళ్ళిపోయింది. పాత పినియనును తుక్కులో వేసేముందు కడగడం ఆయన అలవాటు. కిరసనాయిలు తొట్టిలో ముంచి బ్రష్‌తో తోముతుంటే లోపలినుంచి ఏదో టక్కున ఊడి తొట్టి అడుగున పడింది. తీసి తడిమాడు. మేకు తలంత ఉక్కుముక్క. బొటనవేలు వెనక్కి పోయింది. రెండు విరిగిన పళ్ళ మధ్య, ఇందాక లేని సందు ఒకటి తగిలింది. మళ్ళీ లెక్కపెట్టాడు. ఇంకోసారి. ఏడు.

వెనక రెండు ఇరుసుల్లో ఇప్పుడు బిగించినదానికి ఆరు, రెండోదానికి ఏడు. ఒకే లోడు కింద రెండూ ఒకదాన్నొకటి ఈడ్చుకుంటాయి. కాగి, నూనె మాడి, వాలులో ఎక్కడో పళ్ళు మళ్ళీ పొడైపోతాయి. ఇక గేరు పట్టు ఉండదు. అంత బరువూ బ్రేకుల మీదే దిగాలి.

పినియను పట్టుకుని ఓనరు గదికి పరుగెత్తాడు. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో మొదటిసారి గడప తన్నుకుని బోర్లాపడ్డాడు.

"లారీని ఆపించు నాయనా. తప్పు జత ఇచ్చాను. ఫోన్ చెయ్, తొందరగా!"

ఓనరు పాత ఓనరు కొడుకు. చిన్నప్పటినుంచీ ఆయన్ని బాబాయనే పిలుస్తాడు. వెంటనే ఫోన్ తీశాడు. మోగలేదు. కొండల్లో పడ్డారేమో. మెకానిక్కు బైకేసుకుని వెళ్ళాడు. ఓనరు మళ్ళీ మళ్ళీ నంబరు నొక్కుతూ అడిగాడు:

"మీరు పొరబడటమేంటి బాబాయ్?"

"నాకు కళ్ళు కనబడట్లేదురా."

ఫోన్ మీద వేలు ఆగింది.

"ఎన్నాళ్ళుగా?"

"ఏడాదిన్నర."

"ఒక్క మాట చెప్పకూడదూ?"

"చెబితే ఏం పనిస్తావు? ఇంకేం చేతనవును నాకు?"

గంటసేపు ఇద్దరూ ఆ గదిలోనే ఉన్నారు. ఏ లారీ హారను మోగినా ఆయన లేచి నిలబడేవాడు. కళ్ళు మూసుకుని దిగండమ్మా. ఆ మాట తన గొంతుతోనే పదేపదే చెవుల్లో పడుతోంది.

ఫోన్ మోగింది. మెకానిక్కు గాలిలో అరుస్తున్నాడు. "దొరికారు! ఘాట్ రెండో మలుపులో వాళ్ళే ఆపుకున్నారు. ఆ అమ్మాయికి నూనె మాడిన వాసన తగిలిందట. ఆపుతావా దూకనా అని మొగుణ్ణి నిలదీసిందట. ఇరుసు ముట్టుకుంటే చెయ్యి కాలిపోతోంది. మనుషులకేం కాలేదు."

ఆయన గోడకు చేరగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఓనరు మంచినీళ్ళిచ్చాడు. ఆయన తాగేదాకా ఆగి, కోపం లేకుండా, చాలా మెల్లిగా అడిగాడు:

"ఈ ఏడాదిన్నరలో మీరిచ్చిన మిగతావి, బాబాయ్?"

ఆయన వేళ్ళు లెక్కపెడుతున్నట్టు గాలిలోనే కదలడం మొదలుపెట్టాయి. వానాకాలంలో వచ్చిన ఇసుక లారీ, పాల ట్యాంకరు, రాళ్ళ టిప్పర్లు, పేరైనా అడగని డ్రైవర్లు. లెక్క తెగలేదు. ఎవరూ తిరిగొచ్చి గొడవ చెయ్యలేదు. తిరిగి రాలేకపోయినవాళ్ళున్నారేమో ఆయనకు తెలిసే దారి లేదు.

యార్డు మలుపులో ఎంతసేపు చూసినా మనిషి జాడ లేకపోయేసరికి ఆయన భార్య మొదటిసారి గేటు లోపలికి వచ్చింది. ఆయన చొక్కా నిండా కిరసనాయిలు, చెంపల మీద తడి చూసింది. అందరి ముందూ ఆయన మణికట్టు పట్టుకుంది.

"రేపు..." అన్నాడు ఓనరు.

"రానులే నాయనా," అన్నాడాయన. "జాకీ మీద లేపి చూడకుండా ఎవరికీ ఏదీ ఇవ్వకండి."

ఇద్దరూ గేటు దాటారు. ఈసారి ఆయన అడుగులు లెక్కపెట్టలేదు. ఆమె ఎటు లాగితే అటు నడిచాడు.

చీకటి పడేవేళకు మెకానిక్కు తిరిగొచ్చి షెడ్డు దీపం వేశాడు. మూడో అర కింద ఆయన విప్పి వెళ్ళిన పనిబూట్లు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానికి తాడుంది, రెండోదానికి రాగితీగ మెలిపెట్టి ఉంది. మడమలు రెండూ లోపలివైపే అరిగిపోయి ఉన్నాయి.